కొత్త బయాలజీ టీచరుకు మావయ్య ఉత్తరం

చిరంజీవి సుధకు,

మావయ్య ఆశీస్సులు. మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు సిగ్నల్ సరిగ్గా లేక సగమే వినబడింది. ఆ సగంలో అర్థమైంది ఇది: డీఎస్సీలో బయాలజీ స్కూల్ అసిస్టెంటుగా కవిటి వైపు పోస్టింగు వచ్చింది, పదో తరగతికి శరీరం పాఠాలు మొదలుపెట్టాలి, సోషల్ మాస్టారు డెప్యుటేషన్ మీద వెళ్ళడంతో తొమ్మిదో తరగతి జనాభా పాఠం కూడా నీ నెత్తినే పడింది. చార్టులు చిరిగిపోయాయి, పిల్లలు నోరు విప్పరు, ఎక్కడ మొదలుపెట్టాలి అన్నావు. ఈ పని ముప్పై రెండేళ్ళు చేశాను కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను. ఇందులో సగం నేను చేసిన తప్పులే.

గుండెతో మొదలుపెట్టు. చార్టు పోతే పోయింది, అసలు గుండెకాయే తెప్పించు. మేకమాంసం కొట్టే అతనికి ముందురోజే చెప్పాలి: కోయకుండా, పైన గొట్టాలు రెండంగుళాలు ఉంచి ఇవ్వమని. చెప్పకపోతే అలవాటు కొద్దీ చీల్చి, కడిగి, కవర్లో వేసి ఇస్తాడు. నాకు మొదటిసారి అదే జరిగింది. ఆ గుండెకాయ పాఠానికి పనికిరాక కూరలోకి వెళ్ళింది.

నీసు ముట్టని పిల్లలుంటారు, వాళ్ళని ముందే అడుగు. దూరంగా నిలబడి చూస్తామంటే చూడనీ, అసలు చూడమంటే లైబ్రరీకి పంపు. బల్ల మీద పాత పేపర్లు పరిచి, బ్లేడు మాత్రం నీ చేతిలోనే ఉంచుకో. కోసే ముందు ఒక పని చెయ్యి. బృహద్ధమనిలోకి, అంటే గుండె నుంచి ఒంటికి రక్తం మోసే పెద్ద గొట్టంలోకి, గ్లాసుతో నెమ్మదిగా నీళ్ళు పోసి చూడు. నీళ్ళు కిందికి దిగకుండా గొట్టంలోనే నిలబడతాయి. ఎందుకని పిల్లల్నే అడుగు, లోపలి కవాటాలు మూసుకుంటాయని నువ్వు చెప్పెయ్యకు. నిశ్శబ్దం భరించలేక మనమే జవాబు చెప్పేస్తాం చూడు, కొత్త టీచర్లందరి జబ్బు అదే. తర్వాత నిలువుగా కోసి, రెండు జఠరికల (కింది గదుల) గోడలూ వేళ్ళ మధ్య పట్టుకుని చూడమను. ఎడమది మందం, కుడిది పల్చన. ఒకసారి నా క్లాసులో వెనక బెంచీ కుర్రాడొకడు చెప్పాడు: "కుడిది పక్కింటికెళ్ళాలి, ఎడమది పొరుగూరెళ్ళాలి మాస్టారూ." పక్కిల్లంటే ఊపిరితిత్తులు, పొరుగూరంటే మిగతా ఒళ్ళంతా. ఆ కుర్రాడి నాన్నది మాంసం దుకాణం. పరీక్షల్లో ఎప్పుడూ ముప్పై దాటనివాడికి కార్జం, తిల్లి, బోటీ చేత్తో తడిమి చెప్పడం వచ్చు. ఆ రోజు బోర్డు మీద రెండు వరుసలు రాశాం. ఒక పక్క వాడి మాటలు, ఇంకో పక్క పుస్తకం మాటలు: కాలేయం, ప్లీహం, పేగులు. ఆ తర్వాత క్లాసులో వాడి నోరు మూయించడమే కష్టమైంది.

స్టెతస్కోపు లేదని దిగులు పడకు. 1816లో ఫ్రాన్సులో లెనెక్ అనే డాక్టరు, ఒక యువతి గుండెకు చెవి ఆనించి వినడానికి మొహమాటపడి, కాగితాన్ని గొట్టంలా చుట్టి విన్నాడు. నేరుగా చెవి పెట్టినదానికన్నా బాగా వినబడింది. మొహమాటం లోంచి పుట్టిన పరికరం అది. పిల్లలకు ఈ కథ చెప్పి, నోటుబుక్కు కాగితం చుట్టించి, ఆడపిల్లలు ఆడపిల్లలవి, మగపిల్లలు మగపిల్లలవి వినేలా చెయ్యి. తర్వాత నాడి లెక్క. నిమిషానికి 72 అనుకుంటే రోజుకి 1,03,680 సార్లు. గుణకారం వాళ్ళ చేతే చేయించు. ఒక్కో దెబ్బకి 70 మిల్లీలీటర్ల లెక్కన నిమిషానికి ఐదు లీటర్లు, అంటే పెద్ద నూనె డబ్బా నిండా. ఒంట్లో ఉన్న రక్తమే సుమారు ఐదు లీటర్లు. మరి రెండో నిమిషానికి రక్తం ఎక్కడిది? 1628లో విలియం హార్వే అనే ఇంగ్లండు డాక్టరు కూడా ఇలాంటి గుణకారమే వేసి, ఉన్న రక్తమే తిరుగుతోందని తేల్చాడు. మీ పిల్లలూ పావుగంటలో అక్కడికి వస్తారు.

పేగుల గురించి ఎక్కువ రాయను. చిన్నపేగు సుమారు ఆరు మీటర్లు, అంటే చీర కన్నా కాస్త పొడవు. ఒక చీర తీసుకెళ్ళి వరండాలో పరిచి, మళ్ళీ కుచ్చిళ్ళు పోసి చూపించు. పేగు లోపలి గోడ మీద సన్నటి వేళ్ళలా ఉండే ఆంత్రచూషకాల సంగతి అక్కడి నుంచే ఎత్తుకోవచ్చు.

నువ్వు జాగ్రత్తగా ఉండాల్సింది మూత్రపిండాల పాఠం దగ్గర. నీది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, ఏ ఊరు తీసుకున్నా కిడ్నీ జబ్బు తెలియని వీధి ఉండదు. కిడ్నీ ఎంత చెడిందో రక్తపరీక్షలో చెప్పే 'క్రియాటినిన్' మా తరగతుల్లో కొత్త మాట. అక్కడి పిల్లలకు అది ఇంట్లో వినే మాట. "తాతకి ఆరు వచ్చింది" అంటారు, పరీక్ష మార్కులు చెప్పినట్టు. అందుకని "మీ ఇంట్లో ఎవరికుంది, చెయ్యెత్తండి" అని పొరపాటున కూడా అడగకు. పాఠం మామూలుగా చెప్పు, వాళ్ళంతట వాళ్ళే అడుగుతారు.

లెక్క ఇలా చెప్పు. ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్లు తొమ్మిది వరుసగా పెట్టామనుకోండి, 180 లీటర్లు. మన రెండు మూత్రపిండాలూ ఒక్క రోజులో వడకట్టేది అంత. అందులో లీటరున్నర మాత్రం మూత్రంగా పోతుంది, మిగతాదంతా తిరిగి ఒంట్లోకే. అప్పుడు ఎవరో ఒకరు అడుగుతారు: "మరి మా తాతని నీళ్ళు ఎక్కువ తాగొద్దన్నారు కదా డాక్టరు గారు?" మంచి ప్రశ్న, తోసెయ్యకు. వడపోత చెడిపోయినవాళ్ళకి తాగిన నీళ్ళు బయటికి పోక ఒంట్లోనే నిలిచిపోతాయి, కాళ్ళు వాస్తాయి, ఆయాసం వస్తుంది. అందుకే కొలిచి తాగమంటారు. నీళ్ళ వల్లే జబ్బు వచ్చిందా అని కూడా అడుగుతారు. ఉద్దానంలో జబ్బుకి అసలు కారణం ఇదీ అని ఇంకా తేలలేదు, ఆ మాటే చెప్పు. తెలిసిన సంగతి ఒకటుంది: ఒళ్ళు నొప్పులకి కొట్లో కొనుక్కుని ఎడాపెడా మింగే మాత్రలు కిడ్నీలకి మంచివి కావు. జీడితోటల్లో పని చేసి వచ్చిన అమ్మానాన్నలకి ఆ మాట చేరవేసేది పిల్లలే.

క్రియాటినిన్ ఎక్కడి నుంచి వస్తుందో కూడా చెప్పు. కండరాల్లోని క్రియాటిన్, ఫాస్ఫోక్రియాటిన్ విరిగితే వచ్చే వ్యర్థం అది. ఆ ఫాస్ఫోక్రియాటిన్‌ని 1927లో హార్వర్డ్‌లో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి కనిపెట్టింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. తాత చీటీ మీది అంకెకీ, ఒక తెలుగువాడు అమెరికాలో చేసిన పనికీ సంబంధం ఉందంటే పిల్లల కళ్ళు ఎలా అవుతాయో నువ్వే చూస్తావు.

ఇక ప్రత్యుత్పత్తి. ఈ పాఠం నేను పన్నెండేళ్ళు చెప్పలేదు. "సులువైనదే, ఇంటి దగ్గర చదువుకోండి" అని పేజీలు తిప్పేసేవాణ్ణి. పిల్లలు ముసిముసిగా నవ్వితే నాకు చెమటలు పట్టేవి. ఒక రోజు ఎనిమిదో తరగతి అమ్మాయి ఇంటర్వెల్లో వణుకుతూ వచ్చి, తనకేదో పెద్ద జబ్బు చేసిందనీ చచ్చిపోతాననీ ఏడ్చింది. మొదటిసారి నెలసరి. ఇంట్లో ఎవరూ చెప్పలేదు, బళ్ళో చెప్పాల్సినవాణ్ణి నేను. ఆ రోజు ఆయమ్మ ఆ పిల్లని సముదాయిస్తుంటే నేను స్టాఫ్‌రూమ్‌లో తల వంచుకుని కూర్చున్నాను.

తర్వాతి ఏడాది నుంచి చెప్పాను. కిడ్నీ పాఠం ఏ గొంతుతో చెప్తావో ఇదీ అదే గొంతుతో చెప్పు, అంతకన్నా చిట్కా లేదు. అవయవాల పేర్లు పుస్తకంలో ఉన్నవి ఉన్నట్టు పలుకు. నవ్వుతారు, ఒక్క నిమిషం నవ్వనీ, కోప్పడితే రెండు నిమిషాలవుతుంది. సుద్దముక్కల ఖాళీ పెట్టెకి కన్నం పెట్టి, పేరు రాయకుండా ప్రశ్నలు వెయ్యమను. నాకు వచ్చిన చీటీల్లో సగం భయాలే. నెలసరి గురించి విడిగా మాట్లాడటానికి ఊళ్ళోని ఏఎన్‌ఎమ్‌ని పిలువు, మగపిల్లలకి కూడా ఆ విషయం తెలియాలి సుమా. ఒక ముక్క మాత్రం బోర్డు మీద పెద్దక్షరాలతో రాయి: పుట్టేది ఆడో మగో తేల్చేది తండ్రి నుంచి వచ్చే క్రోమోజోమ్. తల్లి ఎప్పుడూ ఎక్స్‌నే ఇస్తుంది, తండ్రి ఎక్స్ ఇస్తే ఆడపిల్ల, వై ఇస్తే మగపిల్లాడు. వరసగా ఆడపిల్లల్ని కన్నదని కోడల్ని సాధించే ఇళ్ళ నుంచి వచ్చిన పిల్లలు నీ ముందు కూర్చుని ఉంటారు. 2011 జనాభా లెక్కల్లో దేశంలో ఆరేళ్ళ లోపు వెయ్యి మంది మగపిల్లలకి ఆడపిల్లలు 920 మంది కూడా లేరు.

ఇక్కడి నుంచి జనాభా పాఠంలోకి అడుగు దూరం. రెండూ నీకే రావడం ఒకందుకు మంచిదే.

ముందు నా తప్పు చెప్తాను. తొంభైల్లో మాకు జనాభా అంటే భయపెట్టే పాఠం. కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణం, 'మేమిద్దరం మాకిద్దరు', విస్ఫోటనం, బాంబు. ఒకసారి క్లాసులో ఒకణ్ణి లేపి మీ ఇంట్లో పిల్లలెంతమందిరా అన్నాను. ఏడుగురం అన్నాడు. "చూశారా, విస్ఫోటనం ఎక్కడో లేదు" అన్నాను. క్లాసంతా పగలబడి నవ్వింది. వాడు మూడు రోజులు బడికి రాలేదు. సంతలో వాళ్ళమ్మ కనబడి, "మా గుంటడు మీ ఇంటి కూడు తిన్నాడా మాస్టారూ?" అంది. నా దగ్గర జవాబు లేదు. తర్వాత ఆలోచిస్తే, ఆ తొమ్మిది మంది ఉన్న ఇంట్లో వెలిగేది ఒక బల్బు. నలుగురం ఉన్న మా ఇంట్లో ఫ్రిజ్, స్కూటరు, మూడు ఫ్యాన్లు. భూమికి ఎవరు బరువో తలలు లెక్కపెడితే తేలదు.

1991 జనాభా లెక్కల డ్యూటీలో ఇంకొకటి నేర్చుకున్నాను. ఫారంలో పెళ్ళైన ఆడవాళ్ళని అడిగేవి రెండు గళ్ళు: పుట్టిన పిల్లలు ఎంతమంది, బతికున్నవాళ్ళు ఎంతమంది. ఒక ముసలావిడ అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తూ, "ఎనమండుగుర్ని కన్నాను బాబూ, నలుగురు మిగిలినారు" అంది. పోయిన నలుగురి పేర్లూ చెప్పింది, ఒకడికి పేరు పెట్టకుండానే పోయాడని కూడా చెప్పింది. ఎందుకు అంతమందిని కన్నారో నాకు ఏ పుస్తకమూ అంత సూటిగా చెప్పలేదు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మన సగటు ఆయుర్దాయం 32 ఏళ్ళు. అందరూ ముప్పై రెండుకే పోయేవారా అని పిల్లలు అడుగుతారు. పసివాళ్ళ చావులు సగటుని కిందికి లాగాయని ఆ ముసలావిడ లెక్కతో చెప్పు. ఇప్పుడది 70 దగ్గర ఉంది.

ప్రపంచం లెక్కకి బోర్డు మీద సంవత్సరాలు రాస్తే చాలు. 1800 తర్వాత కొద్ది ఏళ్ళకి వంద కోట్లు, 1927కి రెండు వందలు, 1960కి మూడు, 1974కి నాలుగు, 1987కి ఐదు, 1999కి ఆరు, 2011కి ఏడు, 2022 నవంబరులో ఎనిమిది వందల కోట్లు. మధ్యలో ఎన్నేళ్ళు పట్టిందో తీసివేతలు చేయించు. 120 ఏళ్ళ పైన, 33, 14, 13, 12, 12, 11. ఇక పదీ, తొమ్మిదీ అవుతుందని పిల్లలు అరుస్తారు. అక్కడ ఆపు. 1960ల్లో ఏడాదికి రెండు శాతం దాటిన పెరుగుదల ఇప్పుడు ఒక శాతం లోపే. వచ్చే వంద కోట్లకి ఇంకా ఎక్కువ ఏళ్ళు పడుతుందని ఐక్యరాజ్యసమితి అంచనా. వేగం తగ్గినా బస్సు వెంటనే ఆగదు కదా. అమ్మమ్మ తరంలో పుట్టినవాళ్ళు ఎక్కువ కాబట్టి, ఇప్పుడు ఇంటికి ఇద్దర్నే కన్నా, కనే వయసులో ఉన్నవాళ్ళే ఎక్కువ మంది.

మన రాష్ట్రంలో ఇద్దరూ లేరు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో స్త్రీకి సగటున పిల్లలు 1.7. జనాభా నిలకడగా ఉండాలంటే కావాల్సింది 2.1. ఇద్దరి కన్నా ఎక్కువ పిల్లలుంటే పంచాయతీకి పోటీ చేయకూడదని 1994లో చట్టం చేసిన రాష్ట్రమే 2024లో ఆ నిబంధన ఎత్తేసింది. నేను బాంబు అని చెప్పిన పాఠం నా కళ్ళముందే తిరగబడింది. అందుకే నినాదాలు వదిలేసి లెక్క నేర్పించు, రేపు ఇంకొకరు వచ్చి ఇంకో నినాదం చెప్తారు.

నీ ఊరికి సరిపోయే ప్రశ్న ఒకటిస్తాను. 2011లో దేశంలో వెయ్యి మంది మగవాళ్ళకి ఆడవాళ్ళు 943. శ్రీకాకుళం జిల్లాలో మాత్రం వెయ్యికి పైనే. ఎందుకు? ఏమీ చెప్పకుండా కూర్చో. "మా నాన్న గుజరాత్ వేరావల్లో బోటు మీదున్నాడు టీచర్" అని ఎవరో ఒకరు అంటారు. "మా అన్న హైదరాబాద్‌లో తాపీ పని" అని ఇంకొకరు. వలస పాఠం వాళ్ళే చెప్పేశారు, నువ్వు పటం తగిలించి గీతలు గీయించు.

2027 ఫిబ్రవరిలో జనాభా లెక్కల డ్యూటీ నీకూ పడొచ్చు. తప్పించుకోవాలని చూడకు. ఎండెక్కకముందే బయల్దేరు, ఎవరింట్లోనైనా మజ్జిగ ఇస్తే తాగు.

నా పాత స్టెతస్కోపు ఆర్టీసీ పార్సిల్‌లో వేశాను, సోంపేట కాంప్లెక్సులో తీసుకో. చెవుల దగ్గర రబ్బరు అరిగింది, పలాస వెళ్ళినప్పుడు మార్పించు. గుండెకాయ క్లాసు మాత్రం మంగళవారం పెట్టుకో. ఆదివారం తెచ్చి సోమవారం కోద్దామంటే, సోమవారం నీసు ముట్టని ఇళ్ళు చాలా ఉంటాయి.

ఇట్లు,
మావయ్య