లాక్ మరచిపోయిన ఫోను తెరవడానికి ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి?

ఫొటోలు పోకుండా లాక్ తీయాలి, అందుకు ఏ టూల్ కొనమంటారని అడిగారు. ఏదీ కొనకండి. ఇప్పటి ఆండ్రాయిడ్ ఫోన్లలో డేటాను ఉంచి లాక్ మాత్రమే తీసే టూల్ మీలాంటి వాళ్లకు గానీ, నాలాంటి మరమ్మతుదారులకు గానీ బజారులో దొరకదు. ఆండ్రాయిడ్ 10తో విడుదలైన ఫోన్ల నుంచి ఫైళ్ల ఎన్‌క్రిప్షన్, అంటే తాళం లేనిదే చదవలేని రహస్య రూపంలో దాచడం, తప్పనిసరి. ఆ ఫైళ్లు తెరుచుకోవాలంటే మీ పిన్ ఉండాల్సిందే. వీడియోల్లో "అయిదు నిమిషాల్లో అన్‌లాక్" అని చూపించేది ఉత్త ఫార్మాట్. లాక్ పోతుంది, దానితోపాటే ఫొటోలూ పోతాయి.

విజయవాడలో ఫోన్ల మరమ్మతు దుకాణం నడుపుతున్నాను. "ఏ డాంగిల్ మంచిది?" అనే ప్రశ్న రోజూ వింటాను. డాంగిల్ అంటే మరమ్మతు సాఫ్ట్‌వేర్ పని చేయడానికి కంప్యూటర్‌కు తగిలించే చిన్న పరికరం. ఫోనులోకి సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించడానికి సామ్‌సంగ్ అయితే ఓడిన్, మీడియాటెక్ చిప్ అయితే ఎస్‌పీ ఫ్లాష్ టూల్, క్వాల్‌కామ్ అయితే క్యూఫిల్. డబ్బు కట్టి వాడేవాటిలో యూఎంటీ, చిమేరా, అన్‌లాక్‌టూల్ ఉన్నాయి. వీటిలో ఏది కొన్నా, ఏ గడిలో టిక్కు తీయాలో తెలియకపోతే అది ఫోను పాలిట శత్రువే.

ఒకసారి ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు ఫోను తెచ్చారు. అప్‌డేట్ మధ్యలో ఆగిపోయి, కంపెనీ లోగో దగ్గరే నిలిచిపోయింది. పిన్ ఆవిడకు తెలుసు, కానీ పిన్ అడిగే దాకా ఫోను వెళ్లడం లేదు. అంతకుముందు వెళ్లిన దుకాణంలో "సాఫ్ట్‌వేర్ వేయాలి, డేటా మొత్తం పోతుంది" అన్నారట. "బాబూ, ఫోను పోయినా ఫరవాలేదు. పోయిన మా ఆయన మాటలు అందులో రికార్డయి ఉన్నాయి" అన్నారావిడ.

"టీచర్ గారూ, మాట ఇవ్వలేను. కానీ చెరపకుండానే ప్రయత్నిస్తాను, రెండు రోజులు నా దగ్గర ఉంచండి" అన్నాను.

రికవరీ తెర (ఫోను మామూలుగా తెరుచుకోనప్పుడు వాడే మరమ్మతు మెనూ) మీద కనిపించే బిల్డ్ నంబరు రాసుకుని, సరిగ్గా అదే వెర్షన్ ఫర్మ్‌వేర్ (ఫోనును నడిపే కంపెనీ సాఫ్ట్‌వేర్) దించుకున్నాను. దానికే సగం రోజు పట్టింది. దాన్ని ఫ్లాష్ చేసే (ఫోనులోకి ఎక్కించే) ముందు ఫోను మెమరీలోని ఎన్‌వీర్యామ్, ఎన్‌వీడేటా భాగాలను చదివి కంప్యూటర్లో దాచాను. ఐఎంఈఐ (ఫోను గుర్తింపు సంఖ్య), నెట్‌వర్క్ అమరికలు ఉండేది అక్కడే. అవి చెరిగిపోతే ఫోను వెలిగినా సిమ్ పని చేయదు. ఆ తర్వాత ఎస్‌పీ ఫ్లాష్ టూల్‌లో స్కాటర్ ఫైల్ (మెమరీ భాగాల జాబితా) తెరిస్తే అన్ని గడుల్లోనూ టిక్కులుంటాయి. ఫొటోలు, రికార్డింగులు ఉండే యూజర్‌డేటా భాగం ముందున్న టిక్కు తీసేశాను. మెటాడేటాదీ తీసేశాను. చాలామంది మరచిపోయేది ఈ రెండోదే. ఎన్‌క్రిప్షన్ తాళాలకు సంబంధించిన సమాచారం అందులో ఉంటుంది, అది పోతే యూజర్‌డేటా చెక్కు చెదరకుండా ఉన్నా తెరుచుకోదు. చివరగా, పైన ఉన్న జాబితాలో "డౌన్‌లోడ్ ఓన్లీ" ఎంచుకున్నాను. "ఫార్మాట్ ఆల్" ఉండేది కూడా ఆ జాబితాలోనే! పసుపు గీత చివరిదాకా నడిచి ఆకుపచ్చ టిక్కు వచ్చింది. ఫోను చాలాసేపు లోగో మీదే ఉండి, చివరికి పిన్ అడిగింది.

ఆవిడ వచ్చి తన చేత్తోనే పిన్ కొట్టారు. రికార్డింగులు అన్నీ ఉన్నాయి. మొదటిది అక్కడే పెట్టుకుని విన్నారు. "భోజనం చేశావా? మందులు వేసుకున్నావా?" అని ఆయన గొంతు. కౌంటర్ దగ్గర నిలబడ్డ మిగతావాళ్లు కూడా మాట్లాడడం మానేశారు.

మొదటి దుకాణంలో నా దగ్గర కంటే ఖరీదైన డాంగిళ్లున్నాయి. ఫార్మాట్ అయితే పది నిమిషాల్లో పని ముగుస్తుంది, డబ్బు అంతే వస్తుంది, అందుకే ఎవరూ డేటా కాపాడే పనికి పోరు. ఈ వృత్తిని పాడు చేస్తున్నది ఈ అలవాటే. కస్టమర్ల తీరు కూడా అలాగే ఉంది. డిస్‌ప్లే మారిస్తే అడిగినంత ఇస్తారు, సాఫ్ట్‌వేర్ పనికి మాత్రం "ఒక్క బటన్ నొక్కడమే కదా, మూడు వందలా?" అంటారు. దాంతో కుర్రాళ్లు లైసెన్స్ కొనకుండా క్రాక్ చేసిన టూళ్లు వాడతారు. "ముందు యాంటీవైరస్ ఆపేయండి" అని చెప్పే సాఫ్ట్‌వేర్ ఉన్న కంప్యూటర్‌కు మీ ఫోను తగిలిస్తున్నారని గుర్తుంచుకోండి.

ఐఎంఈఐ మారుస్తామనే దుకాణంలో ఒక్క నిమిషం కూడా నిలబడకండి. 2023 టెలికాం చట్టం ప్రకారం దానికి మూడేళ్ల దాకా జైలు, 50 లక్షల రూపాయల దాకా జరిమానా. నేనైతే బిల్లు, బాక్సు మీది ఐఎంఈఐ చూడనిదే లాక్ ఫోను ముట్టుకోను. దాని వల్ల బేరాలు పోతాయి, పోనివ్వండి.

ఇక మీ ఫోను సంగతి. కంప్యూటర్లో మీ గూగుల్ ఖాతా తెరిచి, గూగుల్ ఫొటోస్‌లో ఏమేం ఉన్నాయో ముందు చూడండి. మెమరీ కార్డు ఉంటే తీసి విడిగా చదవండి. ఆ తర్వాతే ఫార్మాట్. అది అయ్యాక పాత గూగుల్ ఖాతా అడుగుతుంది. దొంగిలించిన ఫోను దొంగకు పనికిరాకుండా 2015లో ఆండ్రాయిడ్ 5.1తో తెచ్చిన ఎఫ్‌ఆర్‌పీ (ఫ్యాక్టరీ రీసెట్ ప్రొటెక్షన్) అనే రక్షణ అదే. ఖాతా పాస్‌వర్డ్ కూడా గుర్తు లేక ఇప్పుడే మార్చుకుంటే, ఫార్మాట్ చేయడానికి 24 గంటలు ఆగండి.