మా అబ్బాయి లివర్ ఇచ్చేస్తే మళ్లీ పెరుగుతుందా?

ప్రశ్న: మావారికి లివర్ పూర్తిగా దెబ్బతింది. మార్పిడి తప్ప దారి లేదన్నారు. 27 ఏళ్ల మా అబ్బాయి తన లివర్‌లో కుడి భాగం ఇస్తానంటున్నాడు. అంటే 60 శాతం పైనే తీసేస్తారట. బల్లి తోకలా మళ్లీ మొలుస్తుందిలే అని చుట్టాలు ధైర్యం చెబుతున్నారు. నాకు మాత్రం నిద్ర పట్టడం లేదు. పెళ్లి కావలసిన పిల్లాడు. నిజంగా పెరుగుతుందా డాక్టర్ గారూ? – ఒక తల్లి, ఖమ్మం

జవాబు: పెరుగుతుందమ్మా. కానీ బల్లి తోకలా కాదు. ఈ తేడా తెలిస్తే మీ అబ్బాయికి ఇన్ని పరీక్షలు ఎందుకు రాస్తున్నారో కూడా అర్థమవుతుంది.

తీసేసిన కుడి భాగం మళ్లీ మొలవదు. లోపల మిగిలిన ఎడమ భాగమే పెద్దదవుతుంది. పేగుల నుంచి పోషకాలు మోసుకొచ్చే పోర్టల్ సిర రక్తం అంతకుముందు లివర్ మొత్తానికీ వెళ్లేది. ఆపరేషన్ తర్వాత అదంతా ఆ చిన్న భాగం మీదే పడుతుంది. ఆ ఒత్తిడికి, ఒంట్లో విడుదలయ్యే కొన్ని రసాయనాలు తోడై, ఊరికే ఉన్న కణాలను కదిలిస్తాయి. అవి ముందు ఉబ్బుతాయి, ఆ తర్వాత ఒకటి రెండుగా విడిపోతూ పోతాయి. శరీరానికి సరిపడా పెరిగాక వాటంతట అవే ఆగిపోతాయి. ఎన్నేళ్లు చదివినా, ఆ ఆగడమే నాకు ఇప్పటికీ ఆశ్చర్యం.

ఎలుకలో మూడింట రెండు వంతుల లివర్ తీసేస్తే వారం పది రోజుల్లో దాదాపు పాత బరువుకు వచ్చేస్తుందని 1931లోనే హిగిన్స్, ఆండర్సన్ అనే పరిశోధకులు చూపించారు. మనిషిలో అంత వేగం ఉండదు. మొదటి రెండు వారాలు జోరుగా పెరిగి, తర్వాత నెమ్మదిస్తుంది. మూడు నెలలకు స్కాన్ తీస్తే చాలామందిలో పాత సైజులో 80 శాతం దాకా కనిపిస్తుంది. నూటికి నూరు శాతం రాకపోయినా ఇబ్బంది లేదు. పనితీరైతే ఇంకా ముందే కుదురుకుంటుంది. ఆపరేషన్ అయ్యాక పెరిగే బిలిరుబిన్ (కామెర్లను చూపే పరీక్ష), ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టే తీరును చూపే పరీక్ష) మామూలుగా ఒకటి రెండు వారాల్లో దిగివస్తాయి. మొదటి రోజుల్లో రక్తంలో ఫాస్ఫేట్ తగ్గిందని సెలైన్‌లో కలిపి ఎక్కిస్తే కంగారు పడకండి. కొత్త కణాల తయారీకి అది చాలా కావాలి.

మరి మావారి లివర్ ఎందుకు పెరగలేదని మీకు అనిపించవచ్చు. ఏళ్ల తరబడి దెబ్బ తగిలిన లివర్‌లో గట్టి మచ్చలు పేరుకుంటాయి. కణాలు పెరగాలని చూసినా ఆ మచ్చల మధ్య గడ్డలు గడ్డలుగానే పెరుగుతాయి. అందుకే ఇచ్చేవాళ్ల లివర్ శుభ్రంగా ఉండాలి. కొవ్వు ఎక్కువగా ఉంటే బరువు తగ్గి రమ్మంటారు. సీటీ స్కాన్‌లో కొలిచి, అబ్బాయికి కనీసం 30–35 శాతం మిగులుతుందని తేలితేనే ముందుకెళతారు. వద్దని చెబితే దయచేసి ఇంకో ఆసుపత్రికి పరుగెత్తకండి.

ప్రమాదం అసలు లేదని మాత్రం నేను చెప్పను. పిత్తరసం కారడం, ఇన్ఫెక్షన్ లాంటివి కొందరిలో వస్తాయి, ఎక్కువ శాతం చికిత్సతో తగ్గుతాయి. కుడి భాగం ఇచ్చినవారిలో ప్రాణాపాయం వెయ్యిమందిలో రెండు నుంచి ఐదుగురికి ఉంటుందని అంచనా. చిన్న సంఖ్యే, కానీ తల్లిగా మీకు తెలియాలి.

మొదటి వారం దగ్గినప్పుడల్లా పొట్టకు దిండు అదిమి పట్టుకోవాల్సినంత నొప్పి ఉంటుంది. కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగమైతే నెలా నెలన్నరకు వెళ్లొచ్చు. బరువులు మూడు నెలల దాకా ఎత్తకూడదు. పిత్తాశయం (పిత్తరసం నిల్వ ఉండే సంచి) కూడా తీసేస్తారు, అది లేకపోయినా తిండి అరుగుతుంది. త్వరగా పెరగాలని నాటు మందులు, లివర్ టానిక్‌లు పెట్టకండి, కొన్ని లివర్‌నే దెబ్బతీస్తాయి. మద్యం జోలికి అసలు పోకూడదు. కోలుకున్నాక పెళ్లికి, పిల్లలకు అడ్డేమీ ఉండదు.

ఒక్క పని చేయండి. ఆపరేషన్‌కు ముందు మీ అబ్బాయిని ఒంటరిగా డాక్టర్‌తో మాట్లాడనివ్వండి. మత్తు ఇచ్చే ముందు వరకూ వద్దనే హక్కు అతనికి ఉంది. ఆ గదిలోకి మీరు కూడా వెళ్లకండి.