కొడుకు కుదుటపడ్డాడు.. నాకే నిద్ర పట్టడం లేదు!

ప్రశ్న: మాది హనుమకొండ. నాకు 53 ఏళ్లు. మా అబ్బాయికి చిన్నప్పటి నుంచీ విపరీతమైన కోపం, ఒక్కచోట కుదురుగా కూర్చునేవాడు కాదు. రోజూ బడి నుంచి ఫిర్యాదులు. ఇంటర్‌లో రెండుసార్లు ఇల్లు వదిలి వెళ్లాడు. తర్వాత అప్పులు. ఇప్పుడు వాడికి 25. రెండేళ్లుగా హైదరాబాద్‌లో ఉద్యోగం, బాగానే ఉన్నాడు. కానీ రాత్రి ఫోన్ మోగితే నాకు గుండె దడ, చేతులు వణుకు. మూడింటికే మెలకువ వచ్చేస్తుంది. వాడు ఇంటికొస్తున్నాడంటే సంతోషం బదులు టెన్షన్. వాడి గురించి అడుగుతారని బతుకమ్మకు కూడా పోవడం మానేశాను. మావారితో మాటలు తగ్గాయి. మెడికల్ షాపులో ఇచ్చిన నిద్రమాత్ర ఆర్నెల్లుగా వేసుకుంటున్నా. "అంతా మంచిగైంది కదా, ఇంకేంది నీ బాధ" అంటున్నారు. నాకేమైంది డాక్టర్ గారూ?

జవాబు: అమ్మా, ఇరవై ఏళ్లు మీ ఇంట్లో ఫోన్ మోగిందంటే ఏదో ఒక చెడ్డ కబురే. ప్రమాదాన్ని పసిగట్టే మెదడు భాగాన్ని అమిగ్డలా అంటాం. అన్నేళ్లూ అది ఆ మోతను ప్రమాదంగానే నేర్చుకుంది. బాబుకు ఉద్యోగం వచ్చినంత మాత్రాన ఆ అలవాటు పోదు. పైగా వాడు కష్టాల్లో ఉన్నన్నాళ్లూ మీకు మంచాన పడే తీరిక కూడా లేదు. ఆపిన ఏడుపు, ఆపుకున్న అలసట ఇప్పుడు బయటికొస్తున్నాయి. ఇలా అంతా సర్దుకున్నాక కుంగిపోయిన తల్లిదండ్రులను నేను చాలామందిని చూశాను. మీరు కృతజ్ఞత లేని మనిషి కారు, మీకు ప్రేమ తగ్గిపోనూ లేదు. బాగా అలసిపోయారు.

ముందు ఆ మాత్ర సంగతి చెప్పాలి, దాని గురించే నాకు ఎక్కువ ఆందోళన. షాపుల్లో నిద్రకని ఇచ్చేవాటిలో చాలావరకు ఆల్ప్రాజోలం లాంటి మందులే. కొన్ని వారాలకే శరీరం వాటికి అలవాటు పడుతుంది. అలాగని రేపటి నుంచి మానేయకండి. ఆర్నెల్లు వాడి ఒక్కసారిగా ఆపితే నిద్ర ఇంకా చెడుతుంది, కొందరికి ఫిట్స్ కూడా రావచ్చు. డాక్టర్ చూస్తుండగా మోతాదు కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలి.

మీ వయసులో గుండె దడ, నిద్రలేమి నెలసరి ఆగే దశ వల్ల కూడా వస్తాయి. థైరాయిడ్, రక్తహీనత, షుగర్, బీపీ, ఒక ఈసీజీ చూపించుకోండి. అవన్నీ బాగుంటే ఇది ఆందోళన, డిప్రెషన్ వైపు చూడాల్సిన విషయం. వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, అక్కడికి వెళ్లొచ్చు. అవసరమైతే ఇచ్చే డిప్రెషన్ మందులు నిద్రమాత్రల్లాగా అలవాటయ్యేవి కావు. గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, కాబట్టి మొదటి వారంలోనే "పని చేయట్లేదు" అని వదిలేయొద్దు. తగ్గాక కూడా కనీసం ఆరు నెలలు కొనసాగించాల్సి ఉంటుంది.

ఇక ఫోన్. రింగ్‌టోన్ మార్చండి. పగటిపూట, చాయ్ తాగుతూ, ఆ కొత్త మోతను రోజూ కాసేపు వినండి. దడ మొదలైతే నెమ్మదిగా ఊపిరి వదులుతూ, తగ్గేదాకా అక్కడే కూర్చోండి. బాబును వారానికి రెండుసార్లు, ఒకే సమయానికి, ఊరికే మాట్లాడటానికి ఫోన్ చేయమనండి. మంచి కబురుతో కూడా ఫోన్ మోగుతుందని మెదడుకు మళ్లీ నేర్పాలి. దీనికి నెలలు పడుతుంది.

"నా పెంపకమే సరిగా లేదు" అని మీరు రాయలేదు. కానీ మన దగ్గర "గిట్లనేనా పెంచేది" అనే మాట పడని తల్లి ఉండదు. చిన్నప్పటి నుంచే కుదురులేకపోవడం, పట్టలేని కోపం అంటే ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరకపోవడం, అతి చురుకుదనం, తొందరపాటు ఉండే సమస్య) ఉండి ఉండొచ్చు, బాబును చూడకుండా నేను తేల్చలేను. ఆ సమస్యలో జన్యువుల పాత్ర చాలా ఎక్కువ. తల్లి గారాబం వల్లో, తండ్రి దెబ్బల వల్లో పుట్టేది కాదు. మీ ఇద్దరూ మౌనంగా ఒకరినొకరు తప్పుపట్టుకుంటున్నారేమో ఆలోచించండి. మగవాళ్ల దిగులు చాలాసార్లు మౌనంగానో, చిరాకుగానో కనిపిస్తుంది. సాయంత్రం అరగంట ఇద్దరూ భద్రకాళి చెరువు కట్ట మీద నడవండి. ఆ అరగంట కొడుకు మాట ఎత్తకూడదు.

"తల్లివి కదా, మర్చిపో" అనేవాళ్లతో నేను ఏకీభవించను. జరిగినవి మిమ్మల్ని బాధపెట్టాయి. వాడు మారినందుకు సంతోషిస్తూనే, ఆ బాధ గురించి ఏడవొచ్చు. దాన్ని ఇప్పుడే వాడితో తేల్చుకోవాలని లేదు. ముందు కౌన్సెలర్ దగ్గరో, నమ్మకమైన అక్కచెల్లెళ్ల దగ్గరో చెప్పుకోండి. సద్దుల బతుకమ్మనాడు వాళ్లలో ఒకరిని తోడు తీసుకుని పద్మాక్షి గుండం దాకా వెళ్లిరండి. ఎవరైనా అడిగితే "మంచిగున్నడు" అంటే చాలు, అంతకుమించి ఎవరికీ లెక్క చెప్పనక్కర్లేదు.

బతకాలని లేదన్న ఆలోచన ఎప్పుడు వచ్చినా, అర్ధరాత్రయినా సరే, 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్, ఉచితం, 24 గంటలూ తెలుగులో మాట్లాడతారు. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ నిద్రమాత్రల షీటు వెంట తీసుకెళ్లండి, వీలైతే మీవారిని కూడా.

– మానసిక వైద్య నిపుణులు, హనుమకొండ