తైక్వాండో నేర్చినవారు ముయే థాయ్ (మోచేతులు, మోకాళ్లు కూడా వాడే థాయ్‌లాండ్ పోరాట విద్య) ఫైటర్‌తో స్పారింగ్ (సాధన పోరు) చేసేటప్పుడు ఏం మార్చుకోవాలి?

ముందు నియమాలు మాట్లాడుకోండి: మోచేతి దెబ్బలు వద్దు, మోకాలు తాకించి వదిలేయాలి, కాలు పట్టి పడేయడం ఉందా లేదా. ఇద్దరికీ 16 ఔన్సుల గ్లవ్స్, షిన్ గార్డ్స్, మౌత్ గార్డ్, గ్రోయిన్ గార్డ్ ఉండాలి. 2 నిమిషాల రౌండ్లు మూడు చాలు, దెబ్బలో మూడో వంతు బలం మించొద్దు.

అసలు చిక్కు తొడమీద పడే లో కిక్. ఒలింపిక్ తరహా తైక్వాండో పోటీల్లో నడుము కింద తన్నకూడదు, ముఖానికి పంచ్ కొట్టకూడదు. అందుకే బాగా పక్కకు తిరిగి, చేతులు దించి నిలబడే అలవాటు పడుతుంది. ఆ నిలకడలో ముందు మోకాలిని సమయానికి బయటికి తిప్పలేరు, దెబ్బ తొడ వెనక కండరానికి తగులుతుంది. భుజాలు కాస్త ఎదురుగా తిప్పండి, చేతులు గడ్డం దగ్గర ఉంచండి. కిక్ వస్తుంటే బరువు వెనక కాలిమీదకు మార్చి, ముందు మోకాలు ఎత్తి బయటికి తిప్పి, మోకాలికి కాస్త కింద ఎముక గట్టిగా ఉన్నచోట కాచుకోండి. పాదంతో మాత్రం అడ్డుకోవద్దు, వేళ్లు విరుగుతాయి.

ఎదుటివాళ్లు మీ మెడ పట్టుకుంటే వెనక్కి లాగొద్దు. మీ తల వంగి వాళ్ల మోకాలికి అందుతుంది. వెన్ను నిటారుగా పెట్టి, నడుము వాళ్లకు ఆనించండి.

మీ ఆయుధం దూరం. ముందు కాలి సైడ్ కిక్ బాగా పనిచేస్తుంది, కానీ కాలు వెంటనే లాక్కోకపోతే పట్టేస్తారు. తలకు స్పిన్నింగ్ హుక్ కిక్ దయచేసి వద్దు, తిరుగుతూ వచ్చే మడమను మధ్యలో ఆపలేరు.