సమవిభజన, క్షయకరణ విభజన: రెండూ ఒకే ఉల్లిగడ్డలో

ఇంటర్ చదివే మీ అమ్మాయికి సమవిభజన, క్షయకరణ విభజన అనే ఈ రెండు కణ విభజనలూ కలగాపులగం అయిపోతున్నాయి, బట్టీ లేకుండా అర్థమయ్యే దారి ఉందా అని అడిగారు. ఇంటర్‌లో నాదీ అదే గోల. ప్రథమ దశ, మధ్యస్థ దశ, చలన దశ, అంత్య దశ అని గడగడా అప్పజెప్పేవాణ్ణి. లోపల ఏం జరుగుతోందని అడిగితే నీళ్లు నమిలేవాణ్ణి.

నాకు తలకెక్కింది బీఎస్సీ ల్యాబ్‌లో. గ్లాసులో నీళ్లు పోసి, అడుగు తడిసేలా ఉల్లిగడ్డను పైన కూర్చోబెడితే రెండు మూడు రోజులకి తెల్లటి వేర్లు దిగాయి. ఆ కొసలు కోసి, ఆల్కహాల్, ఎసిటిక్ ఆమ్లం కలిపిన ద్రవంలో ఒక రోజు ఉంచి, హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో మెత్తబరిచి, ఎసిటోకార్మైన్ రంగు పట్టించి, కవర్‌స్లిప్ పెట్టి బొటనవేలితో నొక్కాలి. నా మొదటి కవర్‌స్లిప్ టపుక్కున పగిలింది. రెండో స్లైడ్‌లో ఎటు చూసినా గుండ్రటి కేంద్రకాలే. ప్రయోగం చెడిందని టెన్షన్ పడుతుంటే మా సార్ నవ్వి, "కణం ఎక్కువసేపు ఉండేది అలాగే, ఇంకా వెతుకు" అన్నారు. మన శరీర కణం 24 గంటలకోసారి విభజన చెందుతుందనుకుంటే, అసలు విభజనకు పట్టేది సుమారు గంటే. మిగతాది అంతర్దశ, అంటే ఒక విభజనకీ మరో విభజనకీ మధ్య కాలం. దాన్ని విశ్రాంతి దశ అనడం నాకు ఒళ్లుమంట. డీఎన్ఏ రెట్టింపయ్యేది అప్పుడే కదా, విశ్రాంతి ఎక్కడ?

పావుగంట వెతికాక ఒక కణం దొరికింది. ఎర్రటి పోగులు రెండు కుచ్చులై చెరో కొసకి లాగబడుతున్నాయి. జర్మన్ శాస్త్రవేత్త వాల్తర్ ఫ్లెమింగ్ 1882లో ఈ విభజనకి మైటోసిస్ అని పేరు పెట్టింది గ్రీకులో దారం అనే మాట నుంచే.

ఇక అసలు కిటుకు. ఆ పోగులే క్రోమోజోములు, ఉల్లి కణంలో అవి 16. మీ అమ్మాయిని ఆ 16నే వెంబడించమనండి. వేరు కొసలో ఒక్కో క్రోమోజోము నిలువునా చీలి చెరో సగం చెరో వైపు పోతుంది, కాబట్టి రెండు పిల్ల కణాల్లోనూ 16 చొప్పున ఉంటాయి. అది సమవిభజన. అదే మొక్క పూమొగ్గలో, కేసరాల లోపల, లెక్క మారుతుంది. అక్కడ ముందు జతలు కడతాయి, తల్లి నుంచి వచ్చింది ఒకటి, తండ్రి నుంచి వచ్చింది ఒకటి. జతలో ఉండగానే ముక్కలు మార్చుకుంటాయి. ఒకే కడుపున పుట్టిన అన్నదమ్ములు ఒకేలా ఉండకపోవడానికి ఇదీ ఒక కారణం. మొదటి విభజనలో జతలు విడిపోతాయి, రెండోదానిలో ఒక్కో క్రోమోజోము చీలుతుంది. డీఎన్ఏ నకలు ఒక్కసారే, విభజన రెండుసార్లు. చివరికి నాలుగు కణాలు, ఒక్కోదానిలో 8. ఇది క్షయకరణ విభజన. సగం కాకపోతే, పుప్పొడి నుంచి 16, అండం నుంచి 16 కలిసి గింజలో 32 అయ్యేవి, మరుసటి తరానికి 64.

వీలైతే కాలేజీ ల్యాబ్‌లో రెండూ చూపించండి. మొగ్గలు మాత్రం బాగా చిన్నవి, ఇంకా విచ్చనివి తీసుకెళ్లాలి. నేను విరిసిన పూలు పట్టుకెళ్లి, పుప్పొడి చూస్తూ ఓ మధ్యాహ్నమంతా పోగొట్టుకున్నాను.