ముప్పైమందిలో ఒక్కరి కోసం

అమ్మాయీ, ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. రచయితల సభకు పిలుపు వచ్చిందన్న సంతోషం ఒక్క వాక్యంలో తేల్చేసి, టెన్షన్ గురించి మాత్రం రెండు పేజీలు రాశావు. ముప్పై నలభైమంది వచ్చే సభకు వెళ్ళి ఒరిగేదేముందని ఎవరో అన్నారట. వాళ్ళ లెక్క నాకు తెలుసు. పెద్ద ప్రచురణకర్తలెవరూ రారు, పేపర్లో ఫొటో పడదు. అదీ నిజమే. నేను మాత్రం నిన్ను ఒకే ఒక్క మనిషి కోసం వెళ్ళమంటాను. నీ రాతప్రతి చదివి, ఎక్కడ నడిచిందో ఎక్కడ కుంటిందో వేలు పెట్టి చూపించగలిగే పాఠకుడి కోసం. అలాంటివాళ్ళు వేలమంది కూర్చున్న హాల్లో ఎదురైనా గుర్తుపట్టలేం. ముప్పైమందిలో అయితే పట్టుకోవచ్చు.

ఆక్స్‌ఫర్డ్‌లో 1930, 40లలో కొందరు స్నేహితులు గురువారం రాత్రిళ్ళు రచయిత సి.ఎస్. లూయిస్ గదిలో చేరి, రాస్తున్నవి రాస్తున్నట్టే ఒకరికొకరు చదివి వినిపించుకునేవారు. తమను తాము ‘ఇన్‌క్లింగ్స్’ అని పిలుచుకునేవారు. గదిలో పట్టేంతమందే. వాళ్ళలో ఒకడైన జె.ఆర్.ఆర్. టోల్కీన్ తన పెద్ద నవల ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ 1937 చివర్లో మొదలుపెట్టాడు. మధ్యలో ఎన్నిసార్లు ఆగిపోయిందో! మొదటి సంపుటం అచ్చయ్యేసరికి 1954 వచ్చింది. తర్వాతి భాగం ఏదీ అని లూయిస్ అడుగుతూ ఉండకపోతే అది పూర్తయ్యేదే కాదని టోల్కీనే చెప్పుకున్నాడు.

అయితే ఆ మనిషిని ఎలా కనిపెట్టడం? నిన్ను మెచ్చుకున్నవాళ్ళలో వెతక్కు. నువ్వు చదవగానే ‘బావుందమ్మా’ అని అందరూ అంటారు, చిన్నదానివని ఇంకాస్త గట్టిగా అంటారు. అది మర్యాద. పక్కవాళ్ళు చదువుతున్నప్పుడు ఎవరెలా కూర్చున్నారో చూడు. సగంమంది తమ కాగితాలు సర్దుకుంటూ ఉంటారు. తన వంతు అయిపోగానే సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయేవాళ్ళు ప్రతి సభలోనూ ఉంటారు, వాళ్ళను వదిలెయ్. విరామంలో ఎవరితోనైనా మాట కలిస్తే నీ కవిత ఎత్తకు. ఇందాక విన్నవాటిలో మీకేది గుర్తుండిపోయిందని అడుగు. ఒకాయన ‘అన్నీ బావున్నాయి’ అంటాడు. ఇంకొకావిడ కాసేపు ఆలోచించి, ‘ఆ పెద్దాయన కవిత గుమ్మం దగ్గర తండ్రి చెప్పులు అలాగే ఉన్నాయన్న చోటే అయిపోయింది కదా, ఆ తర్వాత ఆరు పాదాలూ మనకు అర్థం కాలేదేమోనని రాశాడు’ అంటుంది. ఆ రెండోవిడ పక్కన కుర్చీ ఖాళీగా ఉంటే వెంటనే వెళ్ళి కూర్చో. ఆవిడకు పుస్తకాలు ఉన్నాయా, బిరుదులు ఉన్నాయా అన్నది అనవసరం. అసలు ఆవిడ రాసేమనిషే కాకపోవచ్చు.

ఇక చదవడం సంగతి. అయిదు నిమిషాలిచ్చారంటే నాలుగు నిమిషాలకు సరిపోయేది ఎంచుకో. ఇంట్లో గడియారం ముందు పెట్టుకుని, మనసులో కాదు, పైకి చదివి చూసుకో. ఫోన్లో చూసి చదవకు. సరిగ్గా అప్పుడే ఏదో మెసేజ్ వచ్చి పడుతుంది. పెద్ద అక్షరాలతో కాగితం మీద ప్రింట్ తీసుకో. పాదం ఎక్కడ విరిగిందో వినేవాళ్ళకు కనబడదు కాబట్టి, ఎక్కడ ఆగాలో పెన్సిల్‌తో గీత పెట్టుకో. మొదటి రెండు వాక్యాలూ నిదానంగా చదువు, నీ గొంతుకు వాళ్ళ చెవులు అలవాటు పడాలి. ఈ కవిత ఎందుకు రాశానంటే అని మాత్రం మొదలుపెట్టకు. ఆ ముందుమాట లేకపోతే కవిత అర్థం కాదనుకుంటే ఇంకో కవిత తీసుకెళ్ళు.

చదివేటప్పుడు ఒక విచిత్రం జరుగుతుంది, దాని మీద కన్నేసి ఉంచు. కాగితం మీద ఒక మాట ఉంటుంది, నీ నోరు ఇంకో మాట అనేస్తుంది. ‘నిరీక్షిస్తున్నాను’ అని రాసుకుంటావు, ‘ఎదురుచూస్తున్నాను’ అని చదివేస్తావు. లేదా ఒక విశేషణాన్ని తెలియకుండానే దాటేస్తావు. కుర్చీలోకి వచ్చి కూర్చోగానే ఆ చోట్లు గుర్తు పెట్టుకో. నాకు తెలిసిన ఎడిటింగ్‌లో ఇంతకు మించింది లేదు, పైసా ఖర్చు లేనిది. జనం ఎదురుగా ఉన్నప్పుడే ఇలా జరుగుతుంది, ఇంట్లో గోడకు చదివితే జరగదు. అలాగే హాల్లో కుర్చీలు కదిలే చప్పుడు ఎక్కడ మొదలైందో కూడా చూసుకో.

మధ్యాహ్నం వర్క్‌షాప్ ఉందన్నావు. అమెరికాలో, పెన్సిల్వేనియాలోని మిల్‌ఫర్డ్‌లో 1956 నుంచి సైన్స్ ఫిక్షన్ రచయితలు కొందరు ఒక పద్ధతి పాటించారు. అందరూ గుండ్రంగా కూర్చుంటారు, రచన గురించి ఒక్కొక్కరే వరసగా చెబుతారు, అందరిదీ అయ్యేదాకా రాసినవాళ్ళు నోరు మెదపకూడదు. మీ వర్క్‌షాప్‌లో ఆ నియమం ఉన్నా లేకపోయినా నువ్వు పాటించు. కష్టమే. ‘అది కాదండీ, నా ఉద్దేశం ఏమిటంటే’ అన్న మాట గొంతు దాకా వస్తుంది. మింగేసి రాసుకో. ముగ్గురు ఒకే చోట తడబడ్డారంటే అక్కడేదో ఉంది. దాన్ని ఎలా బాగుచెయ్యాలో వాళ్ళు చెప్పేది మాత్రం చాలావరకు వాళ్ళ కథకు పనికొస్తుంది, నీ కథకు కాదు.

అధ్యక్షోపన్యాసం ఎంత పొడుగున్నా లేచి వెళ్ళకు. కనీసం ఉపన్యాసం ఎలా ఉండకూడదో తెలుస్తుంది.

సంకలనం వేస్తున్నాం, ఇంత కట్టండి, మీ కవిత వేస్తాం అనేవాళ్ళు ఎదురుకావచ్చు. అక్కడికక్కడే ఒప్పుకోకు, ఎక్కడా సంతకం పెట్టకు. హక్కులు ఎవరికి ఉంటాయో, అదే కవితను నువ్వు వేరే చోట వేసుకోవచ్చో లేదో కాగితం మీద రాసిమ్మను. నీ రచన ఎవరైనా కొట్టేస్తారేమోనన్న భయం కూడా రాశావు. రాసిన క్షణం నుంచే దాని మీద కాపీరైట్ నీదే, అందుకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కాపీరైట్ మీద దేశాలు చేసుకున్న బెర్న్ ఒప్పందంలో ఈ మాట 1908 సవరణతోనే చేరింది. కాపీరైట్ అక్షరాలకే గానీ ఆలోచనకు లేదు. కాబట్టి ఇంకా రాయని నవల కథంతా విరామంలో చెప్పెయ్యకు. దొంగతనం అటుంచు, నోటితో ఒకసారి చెప్పేశాక రాయాలన్న దురద తీరిపోతుంది.

ఆ రెండోవిడ లాంటి మనిషి దొరికితే, ఇంటికి రాగానే నీ రాతప్రతులన్నీ పంపించకు. ముందు ఆవిడ రాసినవి ఏమైనా ఉంటే చదువు. తర్వాత ఒకే ఒక్క కవిత పంపి, ఒకే ఒక్క ప్రశ్న అడుగు. ‘ఎలా ఉంది’ అని కాదు, ‘మూడో పాదం తీసేస్తే నష్టమా’ అని. జవాబు ఆలస్యమైతే గుర్తు చెయ్యకు.

ఏది చదవబోతున్నావో నాకు రాయి. నువ్వు పంపిన ఆ బావి కథ మాత్రం వద్దు, అయిదు నిమిషాల్లో అది సగం కూడా అవదు.

ఇట్లు,
మీ మాస్టారు