ఉప్పుగాలికి ఫైటర్ విమానం రేకు

ప్రశ్న: బీచ్‌రోడ్డులో టీయూ-142 విమానం చూశాక సందేహం వచ్చింది. 1940ల నాటి అమెరికన్ ఫైటర్ల లోపల ఆ పసుపుపచ్చ రంగెందుకు? అల్యూమినియం తుప్పు పట్టదు కదా?
– ఒక పాఠకుడు, పెదవాల్తేరు, విశాఖపట్నం

జవాబు: అల్యూమినియం ఇనుములా ఎర్రగా తుప్పు పట్టదు గానీ, ఉప్పు తేమ దాన్నీ తినేస్తుంది. స్వచ్ఛమైన అల్యూమినియాన్ని దాని ఆక్సైడ్ పొరే కాపాడుతుంది, కానీ అది మెత్తన. బలం కోసం సుమారు 4 శాతం రాగి కలిపి డ్యూరాలుమిన్ అనే మిశ్రలోహం చేశారు. ఆ రాగే చేటు తెచ్చింది. ఉప్పు తేమ తగిలితే లోహపు రేణువుల అంచుల వెంబడి లోలోపలే కొరుక్కుపోతుంది. పైకి తెల్లపొడి, ఉబ్బు కనిపించేసరికి రేకు పొరలుగా లేచిపోతుంది.

అందుకే 1920ల చివర్లో రేకు మీద స్వచ్ఛ అల్యూమినియం పొర అతికించిన ఆల్‌క్లాడ్ వచ్చింది. గీత పడినా ఆ పొరే ముందు కరిగి లోపలి లోహాన్ని కాపాడుతుంది. కానీ కోసిన అంచుకు, రివెట్ (రేకులను కలిపి బిగించే లోహపు మేకు) రంధ్రానికి ఆ పొర ఉండదు. అక్కడ పనిచేసేది జింక్ క్రోమేట్ ప్రైమర్, అంటే లోహం మీద వేసే తొలి రక్షణ పూత; మీరడిగిన పసుపుపచ్చ అదే. తేమ తగిలినప్పుడు కొద్దికొద్దిగా క్రోమేట్ వదిలి లోహాన్ని కాపాడుతుంది. దాన్ని పలచగా పూసేవారు. రెండు రేకులు అతికే చోట రివెట్ కొట్టకముందే పూయాలి. తర్వాత పూస్తే సందులోకి వెళ్లదు, నీరు మాత్రం వెళ్తుంది.

పాత విమాన భాగం మీ దగ్గరుంటే దయచేసి ఆ రంగును పొడిగా గీకకండి. క్రోమేట్ ధూళి క్యాన్సర్ కారకం. ఇనుప బ్రష్షూ వద్దు, ఇరుక్కున్న ఇనుప రజను చుట్టూ గుంటలు పడతాయి. మంచినీళ్లతో ఉప్పు కడిగి, పూర్తిగా ఆరనివ్వండి.